రెప్పపాటు ముప్పై వోల్టులు

మీటరు మాస్టారు ఏ బళ్లోనూ పాఠాలు చెప్పలేదు. రేడియోలు, టీవీలు బాగుచేసే షాపులో నలభై ఏళ్లు బల్ల ముందు కూర్చున్నందుకు వీధి ఆయనకిచ్చిన బిరుదది. మనుషుల మాట మీద కంటే మీటరు ముల్లు మీద ఆయనకి గురి ఎక్కువ. ఏ వస్తువుకి కరెంటివ్వాలన్నా ముందు పవర్ సప్లై ఆన్ చేసి, ముల్లు కుదురుగా నిలబడేదాకా చూసి, ఆ తర్వాతే వైర్లు తగిలించేవారు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చెయ్యి అలా అలవాటుపడిపోయింది.

రెండేళ్ల క్రితం ఆ చేతికే వణుకు పట్టుకుంది. ఐదు వోల్టుల దగ్గర ఆపుదామని నాబ్ తిప్పితే ఏడు దాటిపోయేది. ఇద్దరి టీవీలు కాలాక షాపు మానేశారు. అడిగినవాళ్లకి విశ్రాంతి తీసుకుంటున్నానని చెప్పుకొచ్చారు గానీ, పని పోయిన మనిషికి విశ్రాంతేమిటి, నా మొహం!

ఇంట్లో భార్య, అక్క. పన్నెండేళ్లు పెద్దదైన అక్కే చిన్నప్పటినుంచి ఆయన్ని ఎత్తుకుని పెంచింది. ఆమెకి వినపడదు. ఎప్పుడో ఆపరేషన్ చేసి తల లోపల ఒక పరికరం పెట్టారు. చెవి వెనక తగిలించుకునే చిన్న పెట్టె దానికి జత. ఆ రెండూ కలిస్తేనే అక్కకి లోకం వినపడేది. ఒకరోజు పొద్దున ఆ పెట్టె మూగబోయింది. అలాంటివి తయారుచేయడం మానేశామని కంపెనీవాళ్లు చేతులెత్తేశారు. ఈ వయసులో మళ్లీ ఆపరేషన్ కుదరదని డాక్టర్లు తేల్చేశారు.

"మీరిద్దరూ గాజుతొట్టిలో చేపల్లా నోళ్లాడిస్తున్నారే" అని అక్క నవ్వేది. నవ్వి, వంటింట్లోకి వెళ్లి చాలాసేపు వచ్చేది కాదు.

పెట్టెకి సరిగ్గా కావలసినంత వోల్టేజీ ఇచ్చి, లోపల కరెంటు ఎక్కడ అతిగా తాగుతోందో చూస్తే జబ్బు దొరుకుతుందని మాస్టారికి తెలుసు. కానీ పాత పవర్ సప్లై నాబ్‌ని ఈ చేత్తో నమ్మేదెలా? అందుకని నాబే లేనిది కట్టాలనుకున్నారు. అంకె నొక్కితే అంతే ఇవ్వాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. పాత ఆంప్లిఫయర్ నుంచి ముప్పై వోల్టులిచ్చే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీశారు. వేడెక్కితే ఎక్కనీ, కరెంటు తేటగా రావాలని లీనియర్ అనే పాత పద్ధతే పట్టుకున్నారు. ఎన్ని వోల్టులివ్వాలో హుకుం జారీ చేయడానికి ఒక చిప్పు. దానికి ప్రోగ్రాం రాయడం అరవై ఆరో ఏట నేర్చుకున్నారు. సోల్డరింగ్ చేస్తుంటే భార్య రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేది. అలా మూడు నెలలు.

తర్వాత మూడు వారాలు పరీక్షలు పెట్టారు. ఏ అంకె నొక్కితే మీటరు అదే చూపించింది. రోజూ తన పద్ధతే: ముందు ఆన్, తర్వాత వైర్లు. ఒక్కసారీ తప్పలేదు. ఆ నెలలో మాస్టారు తనలో తాను పాట పాడుకోవడం కూడా భార్య విన్నది.

ఆవేళ అక్కని బల్లకి ఎదురుగా కూర్చోబెట్టారు. పెట్టెకి కావలసిన మూడు పాయింట్ ఏడు వోల్టులు ముందే నొక్కి, యంత్రాన్ని ఆపి ఉంచారు. చెయ్యి మరీ వణుకుతుంటే చల్లటి నీళ్లతో కడుక్కు రావడానికి లోపలికి వెళ్లారు. ఆ వణికే వేళ్లతో అంత చిన్న క్లిప్పులు పెట్టలేక ఎంత అవస్థ పడతారో అని భార్యకి జాలేసింది. యంత్రం వైర్లని చెవి పెట్టెకి, ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు, జాగ్రత్తగా తగిలించి పెట్టింది.

తిరిగొచ్చి చూసిన మాస్టారు భార్య భుజం తట్టారు. మనసులో ఏదో అడ్డుపడింది గానీ, అదేమిటో పట్టుకోలేకపోయారు. స్విచ్ వేశారు.

టిక్కుమంది. పెట్టెలోంచి సన్నటి పొగ, కాలిన వాసన. ఆ తర్వాత డిస్‌ప్లే మీద ఏమీ ఎరగనట్టు మూడు పాయింట్ ఏడు వెలిగింది.

ఆయనకి వెంటనే అర్థమైంది. స్విచ్ వేయగానే ట్రాన్స్‌ఫార్మర్ లేచి కూర్చుంది. హుకుం ఇవ్వాల్సిన చిప్పు మేలుకోవడానికి రెప్పపాటు పట్టింది. ఆ రెప్పపాటులో అడిగే దిక్కులేక ముప్పై వోల్టులూ బయటికి తోసుకొచ్చాయి. రోజూ జరిగేది ఇదే. ఆయన వైర్లు తగిలించేసరికి ఆ రెప్పపాటు గడిచిపోయేది, అందుకే కనపడలేదు. చిప్పు మేలుకునేదాకా దాని హుకుం మోసే తీగని సున్నా దగ్గర పట్టి ఉంచడానికి ఆవగింజంత రెసిస్టర్ ఒక్కటి పెడితే సరిపోయేది. అవి సొరుగు నిండా ఉన్నాయి.

"నేను తప్పుగా తగిలించానా అండీ?" భార్య అడిగింది.

"లేదు. సరిగ్గానే తగిలించావు."

అది నిజం. కానీ ఆ నిజాన్ని ఆమె ఈ జన్మలో నమ్మదని ఆయనకి తెలుసు. ఎలా నమ్మించాలో మాత్రం తెలియలేదు.

అక్క గబగబా లేచొచ్చి తమ్ముడి చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. "నీకేం తగల్లేదు కదరా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. అమ్మయ్య అనుకుని అక్క మళ్లీ కుర్చీలో కూర్చుంది. చెవి వెనక నెరిసిన జుట్టు పక్కకి తీసి, తల వంచి, ఆయన వైపు తిప్పింది.

"అయితే ఇంక పెట్టరా" అంది.