పోను, పోయొస్త: వీసా ఫైలు ఇచ్చొచ్చాక అమ్మతో ఒక ప్రయాణం

మా అమ్మ మహారాష్ట్రలోని భీవండిలో, పుణెలో ఏళ్ల తరబడి ఉంది కానీ ఆ ఊళ్లలో ఏదీ చూడలేదు. గట్టు మండలం నుంచి వలసపోయిన మావాళ్లందరిలాగే ఇటుకలు మోసింది, తిరిగొచ్చింది. ఒకసారి టీవీలో మంచు కొండ చూసి, అక్కడికి మనుషుల్ని పోనిస్తారా అని అడిగింది. గద్వాలలో బడిపంతులమ్మ ఉద్యోగంతో నేను కూడబెట్టినదంతా ఆ ప్రశ్నకే ఖర్చయింది. వచ్చే ఏడాది అమ్మ మోకాళ్లకు ఆపరేషన్ తప్పదని దవాఖానలో చెప్పేశారు. కొండలు ఎక్కినా, చూసినా ఈ వేసవిలోనే. అందుకే ఇద్దరికీ స్విట్జర్లాండ్ టూరిస్టు వీసాకు పెట్టాను.

హైదరాబాద్‌ వీసా సెంటర్లో ఫైలు ఇవ్వడం ఒక పూట పని. పత్తి ఏరి, ఇటుకలు మోసి అరిగిన అమ్మ వేళ్లను వేలిముద్రల మిషన్ ఒక పట్టాన గుర్తుపట్టలేదు. కౌంటర్లోని అమ్మాయి విసుక్కోకుండా తుడిచి తుడిచి మళ్లీ పెట్టించింది. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఫైలు అందిందని ఒక మెసేజ్, పరిశీలనలో ఉందని ఇంకొకటి వస్తాయి, ఆపైన అంతా నిశ్శబ్దమే. మామూలుగా రెండు వారాలు అటూ ఇటూ అన్నారు. ఈలోపు ఇంకేదైనా కాగితం అడగొచ్చు, ఫోన్ చేసి మాట్లాడనూ వచ్చు. నాకు వీసా వచ్చి అమ్మకు రాకపోతే ఏం చేయాలన్నదే నా బెంగ. అందుకని ఆమెకు బడిపిల్లలకు నేర్పినట్టు జవాబులు నేర్పాను. ఎందుకు వెళ్తున్నారంటే "పర్యటన కోసం" అనాలి, అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. అమ్మ తలూపింది. ఆ తలూపుడు మీద నాకెప్పుడూ నమ్మకం లేదు.

రెండో వారంలో అమ్మ అమ్రాబాద్‌లో ఉన్న చిన్నమ్మను చూడాలంది. అడవిలో సిగ్నల్ ఉండదు, ఫోన్ వస్తే ఎట్లా అన్నాను. "ఆ ఫోన్ కోసం ఇంట్ల కూసుంటే నా మోకాళ్ల కంటె ముందు నువ్వే బిగుసుకపోతవ్" అంది. చేసేది లేక పొద్దున ఏడింటికల్లా గద్వాల బస్టాండుకు చేరాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు కాబట్టి దారి ఖర్చు మాకు టిఫిన్లు, టీలే. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే అమ్మ కిటికీలోంచి దండం పెట్టుకుంది, నేను సిగ్నల్ గీతలు లెక్కపెట్టుకున్నాను. వనపర్తిలో దిగి ఇడ్లీ తిన్నాం. అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ గంటకు పైగా పడుతుంది, బస్సులు బాగానే ఉన్నాయి.

నాగర్‌కర్నూల్ బస్టాండు బయట టీ తాగుతూ అచ్చంపేట బస్సు కోసం చూస్తుంటే ఢిల్లీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. టీకొట్టు ఆయన సంగతేమిటో తెలియకపోయినా నా మొహం చూసి స్టవ్ చప్పుడు తగ్గించాడు. అవతల ఎంబసీ ఉద్యోగి హిందీలో ముందు నా వివరాలు అడిగి, మీ అమ్మగారు అక్కడికి ఎందుకు వెళ్తున్నారో ఆమెనే చెప్పమనండి అన్నాడు. స్పీకర్ పెట్టి, "అమ్మా, స్విట్జర్లాండ్ పోతున్నవా, ఎందుకు పోతున్నవని అడుగుతుండ్రు" అన్నాను.

అమ్మ మొహం చిట్లించి ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. భీవండిలో నేర్చిన హిందీలో నేరుగా ఆయనకే చెప్పింది. "నై సాబ్, జాతూ నై. జాకే ఆతూ."

పోను, పోయొస్త అని. ఆ పోను అన్న ముక్క వినగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన అక్కడ ఏమైనా పని చూసుకుంటారా అని అడిగితే, పనికి తిరిగిన ఊళ్లు చాలానే ఉన్నాయి, ఈసారి ఉత్తగ చూసొస్త, వానలు పడే లోపల చేను దున్నించాలి అని చెప్పింది. ఠీక్ హై, మా జీ అని ఆయన పెట్టేశాడు.

బస్సెక్కాక గట్టిగానే కోప్పడ్డాను. అంత నేర్పిస్తే పోను అని ఎందుకన్నావని నిలదీశాను. అమ్మ నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

"గడప దాటెటప్పుడు ఎవలన్న పోత అంటరా బిడ్డా? పోత అంటె మళ్ల రానట్టు. పోయొస్త అనాలె. గా సాబుకు నేను మళ్లొస్తననే కద తెల్వాల్సింది?"

మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక సిగ్నల్ పోయింది. దాంతో పాటు నా తలలో మోతా కొంత తగ్గింది. చిన్నమ్మ చేసిన జొన్నరొట్టె తిని, ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

ఆ తర్వాతి వారం పాస్‌పోర్టులు పంపామని మెసేజ్ వచ్చింది. ఇచ్చారా లేదా అన్నది మాత్రం ఆ మెసేజ్‌లో ఉండదు, కవరు చించేదాకా తెలియదు. గుర్తింపు కార్డు చూపించి గద్వాల కొరియర్ ఆఫీసులో తీసుకున్నాం. ముందు నాది తెరిచాను, వీసా ఉంది. అమ్మది తెరవడానికి చేతులు రాలేదు. ఒక్కో పేజీ తిప్పాను, ఉంది. రోడ్డు మీదే ఏడ్చేశాను. అమ్మ మాత్రం స్టిక్కర్ మీది ఫోటో చూసి, నా మొకం గిట్ల పడ్డదేంది అని చిన్నబుచ్చుకుంది.

బ్యాంకు కాగితాలు, సెలవు పత్రం, హోటల్ బుకింగులు అన్నీ నేను పేర్చినవే. అవి లేకుండా పని జరగదు, అవి చూసే వీసా ఇచ్చారేమో కూడా. కానీ ఆ కాగితాలన్నిటి వెనక వాళ్లు అడిగేది ఒక్కటే, తిరిగొస్తారా అని. అమ్మ తన బతుకంతా ఏ ఊరికి బయల్దేరినా ముందుగా చెప్పింది ఆ మాటే. నేనేమో దాన్ని మాన్పించాలని చూశాను. మీరూ మీ పెద్దవాళ్లతో వెళ్లేట్టుంటే ఒక్క సలహా. ఫారంలో నంబరు మీదే రాయండి, సిగ్నల్ ఉన్నచోటే ఉండండి. ఫోన్ వచ్చాక మాత్రం పెద్దవాళ్ల చేతికి ఇచ్చేయండి.