జామూన్ కంటికి జాకెట్ కప్పు

కల్లూరులో శిరీన్ ఇంటి గోడ మీద 'రబ్బానీ పెళ్ళి గుర్రాలు' అని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఫోను నంబరు వేసి ఉంటుంది. రబ్బానీ ఆమె భర్త. ఆ గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టేది, లద్దె ఎత్తేది, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేది, ఒళ్ళు వెచ్చబడితే పక్కన కూర్చునేది శిరీన్. మిగిలిన పొద్దులో జాకెట్లు కుడుతుంది. గోడ మీద తన పేరు ఎందుకు లేదని ఆమె ఎప్పుడూ అడగలేదు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. దాన్నీ అడగలేదు. పెళ్ళికి పోయినా, పుట్టినరోజుకు పోయినా ఫంక్షన్ హాలు గేటు దాకానే ఆమె. అక్కడ పగ్గం రబ్బానీ చేతికిచ్చి, తాను బయట ట్రాలీ ఆటో నీడన కూర్చోవాలి.

"వీడియోలో ఆడమనిషి పగ్గం పట్టుకోనుంటే ఏం బాగుంటాదమ్మా?" అంటారు ఈవెంట్ వాళ్ళు. మర్యాదగానే అంటారు. మర్యాదగా అన్నంత మాత్రాన అది అన్యాయం కాకుండా పోతుందా? శిరీన్ మాత్రం తల ఊపి, కొంగు తలమీదికి లాక్కుని, నీడలో కూర్చునేది. ఆమె అలా కూర్చున్నందుకు ఒక పసి ప్రాణి కన్ను పోగొట్టుకోబోయింది. ఈ మాట ఆమె అన్నది కాదు, నేను అంటున్నది.

జామూన్ పొట్టి జాతి గుర్రప్పిల్ల. ఎంత పెరిగినా మనిషి నడుము దాటదు. శ్రీశైలం రోడ్డులో ఒక ఫామ్‌హౌస్ ఆసామి పిల్లల సరదాకని తెచ్చుకుని, సరదా తీరగానే వదిలించుకుంటుంటే రబ్బానీ ఇంటికి తోలుకొచ్చాడు. అప్పుడే పాకంలోంచి తీసినట్టు నిగనిగలాడే ఆ రంగు చూసి పేరు పెట్టింది శిరీనే. దాని మీద ఎవరినీ ఎక్కించరు. పుట్టినరోజు పిల్లాడు బొమ్మ కారులో వస్తుంటే, మెడలో పూలదండతో ముందు నడుస్తుంది. అంతే దాని పని.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మైదుకూరులో ఒక పెద్దింటి మనవడి పుట్టినరోజుకు పిలిచారు. మధ్యాహ్నం భోజనాల వేళ. గేటు దగ్గర పగ్గం ఇస్తూ శిరీన్ భర్తతో ఒక్క మాట చెప్పింది.

"ఏమయ్యా, పేపర్ బ్లాస్ట్ కొట్టే పిల్లోళ్ళకు చెప్పు. జామూన్ మొగం కాడ కొట్టొద్దండని. శానా బెదురుతాది."

"చెప్తాలే."

పేపర్ బ్లాస్ట్ ఏమిటో ఈ కాలంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. గొట్టం తిప్పితే ఠప్పుమని పేలి, తళుకు కాగితాలు వాన కురిసినట్టు పడతాయి. చూడ్డానికి బాగుంటుంది. గొట్టం మూతి ఎదురుగా నిలబడ్డ వాళ్ళకు ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు.

శిరీన్‌కు బయటికి ముందు ఆ చప్పుడు, వెంటనే జామూన్ సకిలింపు వినిపించాయి. ఎప్పుడూ సకిలించినట్టు లేదు. లేచి పరిగెత్తబోతే వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. "లోపల పెద్దోళ్ళు ఉండారమ్మా, ఆగు."

లోపల జరిగింది ఆమెకు తరవాత తెలిసింది. కాగితం రేకు ఒకటి విసురుగా వచ్చి జామూన్ కుడి కంటిని కోసింది. అది తల విదిలించి, కన్ను గట్టిగా మూసుకుంది. నీళ్ళు ధార కట్టాయి. అప్పుడు కెమెరా పిల్లాడు అన్న మాట ఇది: "అన్నా, వీడియోలో బాబు సరిగా పడలేదు. ఇంకోసారి నడిపించు."

రబ్బానీ నడిపించాడు. ఒక కన్ను మూసుకుని, మెడలో బంతిపూలతో, జామూన్ ఎర్ర తివాచీ మీద రెండోసారి నడిచింది. జనం చప్పట్లు కొట్టారు.

కర్నూలు దారిలో ట్రాలీ వెనక జామూన్ పక్కనే కూర్చుని, గాలి తగలకుండా దాని కంటికి కాస్త ఎడంగా అరచెయ్యి డొప్పలా వంచి పట్టుకుంది శిరీన్. ముందు సీటు వైపు చూసి గట్టిగా అడిగింది.

"చెప్పినావా వాళ్ళకు?"

"చెప్పినాలే," అన్నాడు రబ్బానీ, వెనక్కి తిరక్కుండా.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు శిల్ప జామూన్ కంట్లో పచ్చరంగు మందు చుక్క వేసి, చిన్న లైటు పెట్టి చూసింది. నల్లగుడ్డు మీద గీత పచ్చగా మెరిసింది.

"పై పొర చీలింది శిరీన్. చుక్కల మందు రాస్తాను, మానుతుంది. కానీ మానేదాకా ఎండ పడగూడదు, దుమ్ము పడగూడదు, అది పోయి యాడా రుద్దుకోగూడదు."

"గుడ్డ కట్టాల్నా మేడమ్?"

"వద్దొద్దు. గుడ్డ పుండుకు తగిలితే ఇంకా చీలుతుంది. కంటికి తగలకుండా పైన నిలబడేది కావాలి. గుర్రాలకని కంటి కప్పులు ఉంటాయి గానీ, మనకు యాడ దొరుకుతాయి? తెప్పించేలోపల ఆలస్యమైపోతాది. అంతదాకా మెత్తగా, గుండ్రంగా, డొప్ప మాదిరి..." అంటూ డాక్టరమ్మ ఆగింది. చుట్టూ చూసింది. బర్రెలు పట్టుకుని నిలబడ్డ రైతులు, సూది కడుగుతున్న కంపౌండరు, మేకను చంకన పెట్టుకున్న ముసలాయన. "ఇంట్లో ఏదన్నా చూడమ్మా," అని మాట ముగించింది.

ఇంట్లో ఏముంటుంది? శిరీన్ కొబ్బరి చిప్ప అరగదీసి కట్టింది. బరువుకు జారి ముక్కు మీదికి వచ్చింది. ప్లాస్టిక్ గ్లాసు అడుగు కోసి కట్టింది. అంచు గీసుకుని చెంప ఎర్రబడింది. టీ వడపోసే జల్లెడ కట్టింది. జామూన్ కొట్టం గుంజకు తల రుద్ది దాన్ని వంకర చేసి పారేసింది. కల్లూరులో ఎక్కడ చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. ఒకవైపు సిమెంటు, ఒకవైపు ఇసుక లారీలు, మరోవైపు నాపరాళ్ళు పాలిష్ పట్టే మిషన్ల తెల్ల దుమ్ము. తడిగోనె పట్టాలు కట్టినా కొట్టంలోకి రానే వచ్చేది. ఈగలు సరేసరి.

మళ్ళీ ఆసుపత్రికి పోయేసరికి గీత పుండయింది. శిల్ప ఈసారి శిరీన్‌ను మందుల గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది. గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు జాకెట్లు కుడతావు కదా?"

"కుడతా మేడమ్."

"వాటిలో పెట్టి కుట్టే కప్పులు ఉంటాయి చూడు, స్పాంజివి. అదొకటి తలపట్టీకి కుట్టెయ్. దాని కంటికి సరిగ్గా సరిపోతుంది."

శిరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కిసుక్కుమన్నారు. నవ్వు ఆగాక శిరీన్ అడిగింది.

"ఇది ఆ పొద్దే చెప్పింటే అయిపోతాండె కదా మేడమ్?"

"బయట అంతమంది మగోళ్ళు ఉండ్రి. యాడ చెప్పేది? రేపట్నుంచి నన్ను డాక్టరనరు, ఇంకేదో పేరు పెడతారు."

బర్రె కడుపులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను బయటికి తీసే డాక్టరు ఆమె. అలాంటి మనిషి, ఒక స్పాంజి ముక్క పేరు పదిమంది మగవాళ్ళ ముందు పలకలేకపోయింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె నోటికి తాళం వేసిన ఆ మర్యాద మీద వచ్చింది. మన మర్యాద ఎంత ఖరీదైనదో చూడండి. దాని కోసం ఒక కన్ను చెల్లించాలి, అదీ మనది కాదు.

శిరీన్ గిరాకీల కోసం డబ్బాలో దాచుకున్న కప్పు తీసి, గాలి ఆడేలా కింది అంచున బొక్కలు పొడిచి, పాత చున్నీ పట్టీలతో తలపట్టీకి కుట్టింది. కొలిచి చేసినట్టు కూర్చుంది. జామూన్ గుంజకు రుద్దుకుంటే స్పాంజి అణిగి మళ్ళీ లేచింది, కంటిని మాత్రం తాకలేదు. నీళ్ళు కారడం తగ్గింది. మేత ముందు మొహం తిప్పుకునే పిల్ల, ఎడమ కంటితో చూసి ఉలవల గంపలో మూతి పెట్టింది.

ఇక వీధిలో నవ్వులు మొదలయ్యాయి. ఎదురుగా సెల్‌ఫోన్ల షాపు హనుమేష్ వీడియో తీసి, దానికి ఒక చిలిపి పాట అతికించి వదిలాడు. సాయంత్రం గోపన్న టీ అంగడి ముందు రబ్బానీ దొరికిపోయాడు.

"ఏం రబ్బానీ, సైజు ఎంతప్పా?"

"ఒక్కటే కట్టినావు, రెండోది యాడికి పాయ?"

"ముందు ఇది చెప్పప్పా, జామూన్ ఆడదా, మొగదా?"

గోపన్న కూడా గ్లాసు చేతికిస్తూ నవ్వాడు. రబ్బానీ టీ తాగకుండానే వచ్చేశాడు. ఆ వేళ శిరీన్ దారాల కోసం షేర్ ఆటోలో కర్నూలు బజారుకు పోయింది. ఆమె తిరిగొచ్చేసరికి కప్పు పేడకుప్ప మీద ఉంది. జామూన్ కంటికి అడ్డంగా నల్లగుడ్డ బిగించి కట్టి ఉంది.

"ఎవరు చెప్పినారు గుడ్డ కట్టమని?"

"ఊరంతా నవ్వుతాండాది. నేను రోడ్డు మింద తిరగాల్నా వద్దా?"

"నువ్వు తిరుగు. దానికి కన్ను వద్దా?"

"నల్లగుడ్డయితే మర్యాదగా ఉండాది. మనుషులకు గూడా కడతారు కదా."

రబ్బానీ తల్లి సర్దార్ బీ మంచం మీద కూర్చుని చేటలో ఉలవలు ఏరుతోంది. తల ఎత్తకుండానే అందుకుంది.

"ఏమిరా, దాన్ని చూస్తే నీకంత సిగ్గా? పుట్టినప్పుడు యాడ తాగినావురా పాలు? గోపన్న టీ అంగట్లోనా?"

రబ్బానీ ముఖం చిన్నబోయింది. కొట్టం గుమ్మంలో కూలబడి, తనలో తాను చెప్పుకున్నట్టు అన్నాడు.

"ఆ పొద్దు పేపర్ బ్లాస్టోళ్ళకు నేను చెప్పలే. అంతమంది పెద్దమనుషుల నడమ నోరు రాలే. కెమెరా పిల్లోడు మళ్ళీ నడిపించమంటే, కాదని చెప్పేకి గూడా నోరు రాలే. ఇప్పుడు టీ అంగడి కాడ గూడా రాలే."

శిరీన్ జామూన్ దగ్గరికి పోయింది. గోరువెచ్చని నీళ్ళతో గుడ్డ తడిపి, తడిపి, మెల్లగా ఊడదీసింది. గుడ్డ పుండుకు అంటుకుని, చీముతో తడిసి ఉంది. కొత్త కప్పు కుట్టి కట్టింది. కుట్టుమిషన్ కొట్టంలోకి జరిపించి, జామూన్‌కు పక్కనే కూర్చుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. వీధిలోంచి ఎవరైనా ఫోను ఎత్తితే, "తీసుకోప్పా, తీసుకో. మందు చుక్కలేసేది గూడా తీసుకో," అనేది. అలా అన్నాక చాలామంది ఫోను దించేవాళ్ళు. హనుమేష్ దించలేదు.

పుండు మానింది. మానిందని సంతోషంగా చెప్పలేకపోయింది శిల్ప. "చీము పట్టకపోయింటే చూపు మొత్తం దక్కేది. తెల్లమచ్చ నిలిచిపోతుంది. ఎదురుగా వచ్చేది కొంచెం తెలుస్తుంది గానీ, కుడిపక్క నుంచి వచ్చేది కనపడదు." మచ్చ గట్టిపడేదాకా బయటికి పోయినప్పుడు ఆ కప్పు ఉండాల్సిందేనని కూడా చెప్పింది. ఈసారి వరండాలో, అందరి ముందే చెప్పింది. కంపౌండరు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఇప్పుడు ఎవరైనా కుడివైపు నుంచి పలకరించకుండా వస్తే జామూన్ ఉలిక్కిపడి గోడకు కొట్టుకుంటుంది. శిరీన్ వస్తే ముందే మాట్లాడుతూ వస్తుంది.

మొన్న మైదుకూరు ఈవెంట్ మనిషి ఫోను చేశాడు. అదే ఇంట్లో ఇంకో శుభకార్యమట. "జామూన్ వీడియో శానా బాగొచ్చిందన్నా. మళ్ళీ అదే కావాలంటాండారు. కంటి మింద అదేదో కట్టినారంట కదా, అది మాత్రం తీసేసి తీసుకరాండి."

రబ్బానీ ఫోను భార్య చేతికిచ్చాడు.

"కప్పు తీయం," అంది శిరీన్. "జామూన్ రావాలంటే పగ్గం నేనే పట్టుకోనొస్తా, గేటు కాడ ఆగను. పేపర్ బ్లాస్టులు ఉండగూడదు."

అవతల ఫోను పెట్టేశారు. మళ్ళీ చెయ్యలేదు. ఇంకో చోట ఇంకో గుర్రాన్ని మాట్లాడుకుని ఉంటారు. దాని కళ్ళు రెండూ బాగుండి ఉంటాయి, ఇప్పటికి.

"బేరం పాయ," అన్నాడు రబ్బానీ.

"పోనీలే," అంది శిరీన్, చుక్కల మందు సీసా కోసం చెయ్యి చాపుతూ. రబ్బానీ అందించాడు. ఆమె మారింది గానీ ఊరు మారలేదు. ఇవాళ్టికీ జామూన్‌ను తిప్పాలంటే రబ్బానీ టీ అంగడి దారి తప్పించి వెనక సందులోంచి తీసుకుపోతాడు. హనుమేష్ వీడియోను వేలమంది చూశారు. కింద నవ్వుల బొమ్మలు వరసగా ఉన్నాయి. ఆ కంటికి ఏమైందని ఒక్కరూ అడగలేదు. నేను చివరిదాకా వెతికాను.

అందుకే ఇది చదివిన మీకు చెబుతున్నాను. మీ ఇంట్లో పెళ్ళికో, పుట్టినరోజుకో గుర్రాన్ని పిలిస్తే, రబ్బానీ చెప్పలేకపోయిన ఆ మాట మీరు చెప్పండి. పిలిచిన వాళ్ళు మీరు, మీ మాట వింటారు. ఆ జీవం బయటికి పోయేదాకా పేపర్ బ్లాస్ట్ కొట్టొద్దని ఈవెంట్ వాళ్ళతో ముందే ఒప్పించండి. పగ్గం పట్టుకున్నది ఆడమనిషైతే గేటు తీయండి. పశువుల ఆసుపత్రికి పోయినప్పుడు కంటి కప్పులు ఎందుకు ఉంచరని పదిమంది ముందే, గొంతు తగ్గించకుండా అడగండి. హనుమేష్ వీడియో లాంటిది మీ ఫోనుకు వస్తే ఇంకొకరికి పంపకండి. దాని కింద ఒక్క ప్రశ్న రాయండి: 'ఆ కంటికి ఏమైంది?'