ఎదురింటి కాఫీ, నా గరాటు

ఉద్యమం ముదిరిన ఆ రోజుల్లో బంద్ అంటే మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ మగవాళ్లకు ఎదురు ఫ్లాట్‌లో కాఫీ అని అర్థం. క్యాబులు తిరిగేవి కావు, మాదాపూర్ ఆఫీసుల బస్సులు వచ్చేవి కావు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మా అంతస్తులో ఇన్వర్టర్ ఉన్నది ఎదురింటాయనకే కాబట్టి టీవీ నడిచేది ఆయన ఇంట్లోనే. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ప్రభుత్వ ఇంజినీరు, అప్పటికే రిటైరయ్యారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కోస్తావాళ్లు, ఒకరిద్దరు రాయలసీమ కుర్రాళ్లు. తెలంగాణవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఇరుగుపొరుగు కదా అని వెళ్లాను.

ఆయన భార్య స్టీలు గ్లాసుల్లో నురగలు కక్కే కాఫీ తెచ్చారు. అందరూ తీసుకున్నారు. నేనూ చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆగండాగండి, మీకు వేరే చెప్పానుగా! ఏమేవ్, వీరికి టీ పట్రా. ఇరానీ చాయ్‌కి మరిగిన నాలుకండీ మీవాళ్లది. దానికి కాఫీ ఏం తెలుస్తుంది? ఇది అసలు సిసలు సరుకు. గింజ తప్ప ఇంకోటి ఉండదు."

"రాష్ట్రం వచ్చాక కాఫీని బ్యాన్ చేస్తారేమో సార్" అన్నారెవరో. గది గదంతా నవ్వింది. ఆ నవ్వులో నిజంగా చెడ్డ ఉద్దేశం ఎందరికి ఉందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. నాకోసం ప్రత్యేకంగా కాచిన టీ వచ్చింది. తాగాను. బాగుంది. బాగుండటమే నన్ను ఇంకా మండించింది.

తిప్పికొట్టే మాట నాకు మా ఇంటికొచ్చి స్నానం చేస్తుండగా తోచింది. దాంతో లాభం లేదు. మాటకు మాట చాలదనిపించింది కూడా. ఆయన నోటితోనే, ఆ మనుషుల ముందే, నా నాలుకకు కాఫీ తెలుసు అని ఒప్పించాలి. అంతకన్నా తక్కువకు నేను దిగదలుచుకోలేదు.

నా పని ఆఫీసుల లోపలి పనులకు అంచనాలు కట్టడం. సీలింగులు, ఏసీ గొట్టాలు, ఏ గొట్టంలో గాలి ఎంత వేగంతో పోవాలి, ఏ పైపులో నీళ్లు ఎంతసేపట్లో దిగాలి, ఇలాంటి లెక్కలు. డిగ్రీ లేదు. పైవాళ్ల డ్రాయింగులు చూసి చూసి, తప్పులు చేసి చేసి నేర్చుకున్నాను. కాబట్టి కాఫీని కూడా లెక్కతోనే పట్టుకుందామనుకున్నాను. ఆయనలాగే స్టీలు ఫిల్టర్ కొంటే ఆయనకు శిష్యుణ్ణయినట్టు అవుతుంది. ఆయన ఎన్నడూ చూడని పరికరం కావాలి.

అప్పట్లో రాయదుర్గంలో ఒక ఆఫీసు పని చూస్తున్నాను. అక్కడి ప్యాంట్రీలో విదేశాలకు వెళ్లొచ్చినవాళ్లు డ్రిప్పర్‌తో కాఫీ చేసుకునేవారు. గరాటు లాంటి దాంట్లో కాగితం పరిచి, పొడి వేసి, పైనుంచి వేడినీళ్లు పోస్తే కింద కప్పులోకి దిగుతుంది. అంతే. ఆ ప్యాంట్రీలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి పింగాణీది, శంకువు ఆకారం, అడుగున ఒకే పెద్ద రంధ్రం. రెండోది ప్లాస్టిక్‌ది, అడుగు బల్లపరుపు, మూడు చిన్న రంధ్రాలు. ఏది కొనాలో తేల్చుకోలేక రెండూ అడిగి ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ రెండింటినీ తిప్పి చూసింది.

"గిదేంది? పెట్రోల్ పోసే గరాటా?"

"కాఫీ చేసేది."

"మన ఇంట్ల కాఫీ ఎవడు తాగుతడు? ఎదురింటి సార్ మీద కోపంతోని గిట్ల చేస్తున్నవ్ నువ్వు. నాకు ఎరుక లేదనుకున్నవా?"

ఎరుకే. నేను కాదనలేదు.

పొడి లేదు. మా ఆవిడే ఎదురింటావిడను అడిగి ఒక గిన్నెడు పట్టుకొచ్చింది. ఆ ఇద్దరి మధ్యా పెరుగు తోడు నుంచి కరివేపాకు దాకా అన్నీ అటూ ఇటూ నడిచేవి. రాష్ట్రం ఒకటైనా రెండైనా అది ఆగేలా లేదు. నేను మూడు రంధ్రాల దాంట్లో కాగితం పరిచి, పొడి తూచి వేసి, నీళ్లు పోశాను. నీళ్లు పైనే నిలబడిపోయాయి, వాన పడ్డాక పూడుకుపోయిన మోరీలాగా. ఎంతసేపు చూసినా ఒక్కో చుక్కే. అప్పుడు మూడు చిన్న రంధ్రాలు చాలవు అని తీర్మానించి, ఒకే పెద్ద రంధ్రం ఉన్న పింగాణీది ఎక్కించాను. అదీ అంతే. కొంచెం దిగి ఆగిపోయింది.

పైపు మార్చినా నీళ్లు దిగకపోతే తప్పు పైపులో లేదు, నీళ్లలోనో చెత్తలోనో ఉంది. ఇది మా పనిలో మొదటి పాఠం. అంటే పొడిలో ఏదో ఉంది. మా ఆవిణ్ణి పంపాను, ఆ పొడి సంగతేంటో కనుక్కురమ్మని. నవ్వుకుంటూ తిరిగొచ్చింది.

"అండ్ల సగం చికోరీయేనంట. వేర్ల పొడి. నానితే బంక లెక్క అయితదంట, కాయితంల ఏడ దిగుతది అని అక్క నవ్వవట్టింది."

"సార్ తాగేది కూడా అదేనా? ఆయన గింజ తప్ప ఇంకోటి లేదన్నడు కదా!"

మా ఆవిడ నవ్వు ఆపేసింది. "సార్‌కు తెల్వదంట. పెండ్లయినకాంచి కలుపుతనే ఉన్నదంట. ఎవ్వరికీ చెప్పనని ఒట్టేసి వచ్చిన. నీ నోటెంట వచ్చిందంటే మంచిగుండదు చూడు, ఇగ నేను అక్క మొకం ఎట్ల చూడాలె?"

చెప్పనన్నాను. కానీ ఆ మాట చెవిన పడ్డాక నాకు కలిగిన సంతోషం అంత సులభంగా దాచిపెట్టుకునేది కాదు.

తర్వాత చికోరీ లేని గింజలు తెప్పించి, బరకగా ఆడించాను. పొడి ఒక వంతుకు నీళ్లు పదహారు వంతులు. ప్రతిసారీ ఒక్కటే మార్చేవాణ్ణి. ఓసారి నీళ్ల వేడి, ఓసారి బరకతనం, ఓసారి పోసే వేగం. అన్నీ ఒక్కసారే మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పింగాణీది చూడ్డానికి అందంగా ఉంది కానీ చల్లగా ఉన్నప్పుడు ముందు తనకు కావలసిన వేడి తాను లాక్కుంటుంది. దాన్ని ముందుగా మరుగునీళ్లతో కడిగి వేడెక్కించాలి. పైగా ఆ పెద్ద రంధ్రం దేన్నీ ఆపదు. చెయ్యి సన్నగా పోస్తే ఒక కాఫీ, తొందరపడితే ఇంకో కాఫీ. ప్లాస్టిక్‌ది చవకగా కనిపిస్తుంది గానీ వేడి పోనివ్వదు. చిన్న రంధ్రాలు నీళ్లను అవి పంపాల్సిన వేగంతోనే పంపుతాయి.

ఇంకో సంగతి కాగితం. డ్రిప్పర్ ఒక్కసారి కొంటాం, కాగితాలు ఎప్పటికీ కొంటూనే ఉంటాం. ఊళ్లో కాగితం దొరకని డ్రిప్పర్ ఎంత గొప్పదైనా అలమారలో బొమ్మే. శంకువు కాగితాలు ఎవరైనా బయటినుంచి తెస్తేనే ఉన్నాయి. బల్లపరుపు దానివి బంజారాహిల్స్‌లో ఒక షాపులో దొరికాయి.

ఇవన్నీ మంచి కారణాలే. అయితే నేను మూడు రంధ్రాల ప్లాస్టిక్ గరాటును ఎంచుకున్నది అందుకు కాదు. ఆయన ముందు నిలబడి కాఫీ చేయాల్సిన రోజు నాకు కోపం వస్తుంది, కోపం వస్తే నా చెయ్యి వణుకుతుంది. రంధ్రాలు వణకవు.

మధ్యలో ఒక పొద్దున, పాలూ చక్కెరా లేకుండా, కాఫీ నిజంగా కుదిరింది. మొదట చింతకాయ కొరికినట్టు నాలుక అంచుల మీద పులుపు, మింగాక ఎక్కడో బెల్లం. కాసేపు కిటికీ దగ్గర నిలబడి ఎవరి మీదా కోపం లేకుండా తాగాను. అలాగే ఉండిపోతే పని చెడుతుందని కప్పు కడిగేశాను.

మళ్లీ బంద్ పిలుపు వచ్చింది. ఈసారి నేనే అందరినీ పిలిచాను. "మా ఇంట్ల టీవీ లేదు, కాఫీ ఉన్నది" అన్నాను. కుతూహలం కొద్దీ వచ్చారు. ఎదురింటాయన భార్యతో సహా వచ్చారు. ఆవిడ వంటింట్లో మా ఆవిడ పక్కన చేరారు. నేను భోజనాల బల్ల మీద గరాటు పెట్టి నీళ్లు పోయడం మొదలుపెట్టాను.

"ఇదేంటండీ, కాఫీకి సెలైన్ ఎక్కిస్తున్నారా? చుక్క చుక్కా దిగేసరికి మీ రాష్ట్రం కూడా వచ్చేసేలా ఉంది!" అన్నారాయన. అందరూ నవ్వారు. నా చెయ్యి అనుకున్నట్టే వణికింది. రంధ్రాలు తమ పని తాము చేశాయి.

కప్పు ఇచ్చాను. ఆయన ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, అందరూ చూసేలా బల్ల మీద పెట్టారు.

"ఏమనుకోకండి. ఇది కాఫీ కాదు, కాఫీ గిన్నె కడిగిన నీళ్లు. చిక్కదనం ఏదీ? అందుకే చెప్పానండీ ఆ రోజు. నాలుకకు తెలియాలి."

"చిక్కదనం కాఫీది కాదు సార్" అన్నాను. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ కళ్లురిమింది. నాకు కనబడింది. ఆగలేదు. "అది చికోరీది. మీరు తాగేదాంట్ల సగం వేర్ల పొడే."

"మా ఇంట్లోనా?" ఆయన పెద్దగా నవ్వి వెనక్కి తిరిగారు. "ఏమేవ్, ఇలా రా. వీరికి నువ్వే చెప్పు."

ఆవిడ చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చారు. ఆవిడ కాదనేస్తే నా పని అయిపోయినట్టే. నేను ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను.

"నిజమేనండీ" అన్నారావిడ, భర్తతోనే. "సగం కాదు, సగానికి కాస్త ఎక్కువే. కాపురానికొచ్చిన కొత్తలో గింజలతోనే చేసేదాన్ని. మీరు వచ్చినవాళ్లందరి ముందూ గ్లాసు పక్కన పెట్టేసేవారు. 'మా అమ్మ చేతి చిక్కదనం దీనికి లేదు' అనేవారు. ప్రతిసారీ అదే మాట. చివరికి మీ అమ్మగారే జాలిపడి చెప్పారు, తానూ చికోరీ కలిపేదాన్నని. అప్పట్నించీ మీరు గ్లాసు పక్కన పెట్టలేదు."

రాయలసీమ కుర్రాడొకడు, "అయితే ఇన్నాళ్లూ మాకు వేర్లు తాపినారా సార్!" అన్నాడు. గది పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆయన పక్కన పెట్టిన కప్పును ఆవిడే తీసుకుని, నిలబడే, చివరిదాకా తాగారు.

ఆయన నా వైపు వంగి, గొంతు తగ్గించి, "మీ నాలుక మంచిదేనండి" అన్నారు.

ఇంతకాలం నేను ఎదురుచూసిన మాట. కానీ ఎవరూ వినలేదు. అందరూ ఆవిణ్ణే చూస్తున్నారు.

"ఇనబడలే సార్" అన్నాను. "జర గట్టిగ చెప్పుర్రి."

చెప్పారు. అందరూ విన్నారు. మా ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడలేదు, నేను బతిమాలనూ లేదు. తర్వాతి బంద్‌కి ఎవరూ పిలవకుండానే మా ఇంటికి వచ్చారు, ఆయన తప్ప.

ఆయన చేత ఆ మాట చెప్పించిన మర్నాడు పొద్దున ఎదురింటావిడ వచ్చి, "ఆ గరాటు నాకూ ఒకటి కావాలి అన్నయ్యగారూ, ఏది తీసుకోమంటారు?" అని అడిగారు. ఒట్టు తప్పినందుకు ఏదో చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. రెండు గరాటులూ చేతిలోకి తీసుకుని, రంధ్రాల్లోంచి వెలుతురుకు పట్టి చూశారు. వేడి సంగతి, కాగితం సంగతి, చెయ్యి సంగతి చెప్పాను. మూడు రంధ్రాలదే మేలన్నారు.

"అండ్ల రెండు సైజులు ఉంటయమ్మా" అన్నాను. "ఇంట్ల ఇద్దరున్నరు కదా, పెద్దది తెప్పిస్త."

"వద్దు" అన్నారు. "ఒక్క కప్పుది చాలు."