ఖాళీ కొక్కెం దిగేంతసేపు

బరువు తగ్గడానికి కడుపు కోయించుకుని సన్నబడ్డవాడు కనిపిస్తే చాలు, ప్రతివాళ్ళూ ఒకటే మాట అంటారు: "నీకేంటయ్యా, కొత్త జన్మ!" జన్మ కొత్తదే, కాదనలేం. కాకపోతే అది పళ్ళు రాని పసివాడి జన్మ. చెంచాడు పెరుగు మింగి, లోపల అది ఎటు మళ్ళుతుందో అని ఊపిరి బిగబట్టి కూర్చునే జన్మ. అభినందించేవాళ్ళు ఆ చెంచా దాకా రారు.

సైటులో ఆ క్రేన్ ఆపరేటర్‌ని అందరూ పిట్ట అంటారు. వెటకారంగా పెట్టిన పేరే. అప్పట్లో అతను తలుపులోంచి రావాలంటే పక్కకి తిరగాల్సిందే. అంతటి మనిషి పొద్దున్నే నిచ్చెన పట్టుకుని ఎక్కి, మబ్బులకి దగ్గరగా ఉన్న అద్దాల గదిలో కూర్చునేవాడు గనక ఆ పేరు నిలిచిపోయింది. ఆపరేషనయ్యాక పేరు నిజమై కూర్చుంది. తిండి పిట్ట తిండే.

అతను కోతకి ఒప్పుకున్నది అందం కోసం కాదు, ఆయుష్షు కోసమూ కాదు. కుర్చీ కోసం. కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ ఒక నారింజరంగు బెల్టు తెచ్చి గోడకి తగిలించాడు. పైన ఎవరైనా కళ్ళు తిరిగి పడితే అందులో కట్టి తాడుతో కిందికి దించుతారు.

"నిన్ను ఇది మొయ్యదు. దించలేనివాణ్ణి ఎక్కించను," అన్నాడు ఆఫీసర్.

ఏ భారమైనా ఈకలా ఎత్తి పెట్టేవాడికి తన భారమే అడ్డొచ్చింది. పైగా కింద నిలబడి వాకీటాకీలో సూచనలు చెప్పే మనిషి వేరెవరో కాదు, సొంత బామ్మర్ది. వాడికీ క్రేన్ నడిపే లైసెన్సు ఉంది. బావ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని వాడు కాచుక్కూర్చున్నాడని అనలేం. ఖాళీ అయితే వద్దంటాడనీ అనలేం.

ఇంట్లో భార్య చిన్న గిన్నె, చిన్న చెంచా కొనిపెట్టింది. అందరూ తిని చేతులు కడుక్కుని, బల్ల తుడిచి, దీపాలార్పే వేళకి అతను మూడో చెంచా దగ్గర ఉంటాడు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది.

"దిగిందా?"

"దిగుతోంది."

"నొప్పా?"

"నువ్వలా చూస్తుంటే పెరుగు కూడా సిగ్గుపడి మధ్యలో ఆగిపోతోందే."

"జోకులకేం తక్కువ లేదు. ఇంకొక్క చెంచా తిను. బట్టలు చూడు, కర్రకి తగిలించినట్టున్నాయి."

తినమంటే కడుపు తిప్పుతుంది. తినకపోతే కళ్ళు తిరుగుతాయి. నీళ్ళు తాగుదామంటే తిండితో తాగకూడదు, తిన్నాక చాలాసేపటిదాకా తాగకూడదు. ఒకరోజు ఎవరో పుట్టినరోజని పెట్టిన కేకు ముక్క నోట్లో వేసుకున్నందుకు, చెమటలు పట్టి, గుండె దడదడలాడి, పేగులు మెలితిరిగి గంటసేపు స్నానాల గదిలో గోడ పట్టుకుని నిలబడ్డాడు. అదృష్టం, అది సెలవురోజు. పైన క్రేన్ కేబిన్‌లో మరుగుదొడ్డి ఉండదు.

"పనిలో ఇబ్బందేం లేదు కదా?" అని భార్య అడిగినప్పుడల్లా లేదనేవాడు. సేఫ్టీ ఆఫీసర్ అడిగితేనూ అదే మాట. ఉందన్నవాడు మర్నాడు నిచ్చెన కింద ఉంటాడు.

పైన తినడానికి అతను ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. కేబిన్‌లో భోజనవేళ అంటూ ఒకటి ఏడవదు. సామాను పైఅంతస్తులో దింపాక ఖాళీ కొక్కెం మళ్ళీ నేలకి దిగుతుంది చూడండి, ఆ సందులోనే ఎన్నేళ్ళుగానో అతని తిండి. బాగా నమలమని డాక్టర్ చెప్పాక దాన్నే గడియారం చేసుకున్నాడు. కొక్కెం దిగడం మొదలవగానే ముద్ద నోట్లో. దిగినంతసేపూ నమలడం. నేల తాకగానే మింగడం. భవనం బాగా లేచింది గనక కొక్కెం దిగడానికి బోలెడంత సమయం. మెతక ముద్ద ఈలోగా నీళ్ళయిపోయేది. భార్యకన్నా నయం ఈ కొక్కెం, మాట్లాడదు, అనుకునేవాడు.

ఉపాయం బాగానే ఉంది. భవనం లేచినంతకాలం.

ఆ రోజు పని పైన లేదు. పక్కనే కడుతున్న పార్కింగ్ షెడ్డుకి ఇనపకడ్డీలు అందించాలి. షెడ్డు ఎత్తెంత? రెండంతస్తులు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, ఉడికించిన కోడిమాంసం ముక్క నోట్లో వేసుకుని, అలవాటుగా కొక్కెం వంక చూస్తూ నమలసాగాడు. కొక్కెం ఇలా కదిలి అలా నేల తాకింది. అలవాటుగానే మింగేశాడు.

"కట్ట తగిలించాం బావా, ఎత్తు!" అన్నాడు వాకీలో బామ్మర్ది.

ఎత్తాడు. కడ్డీల కట్ట గాలిలోకి లేచింది. సరిగ్గా అప్పుడే ముక్క రొమ్ముఎముక వెనక అడ్డంగా కూర్చుంది. లోపలినుంచి ఎవరో పిడికిలి పెట్టి తోస్తున్నట్టు నొప్పి. నోటినిండా నురగలాంటి ఉమ్మి ఊరింది. ఒక చెయ్యి మీట మీదే ఉంచి, రెండో చేత్తో డబ్బా మూతలోకి ఉమ్మాడు. మళ్ళీ ఊరింది. కక్కలేక మింగలేక అనే మాట అందరూ వాడతారు. అదెలా ఉంటుందో ఆ అద్దాల గదిలో అతనికి తెలిసొచ్చింది. కొక్కేనికి భారం వేలాడుతుండగా కుర్చీ వదలకూడదు. వాకీలో చెబుదామంటే సేఫ్టీ ఆఫీసర్ కూడా అదే చానెల్ వింటుంటాడు.

ముక్క కిందికి జారుతుందనుకుని సీసా ఎత్తి ఒక గుక్క నీళ్ళు తాగాడు. తాగకూడదని తెలిసే తాగాడు. దారి మూసుకుపోయిన చోటికి నీళ్ళు పోస్తే అవెక్కడికి పోతాయి? ఎగదన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగి అద్దం మసకబారింది. కింద కట్ట ఒకటి కాదు, రెండు కనిపించాయి. వాటికి కాస్త అవతల పసుపు హెల్మెట్లు.

"బావా, ఆగావేంటి? నిద్రపోయావా?"

"మనుషుల్ని తప్పించు," అన్నాడు పిట్ట. గొంతు తనది కాదు. "కట్ట దించేస్తున్నా. నాకు బాగోలేదు."

కింద పసుపు హెల్మెట్లు దూరంగా జరిగాయి. కట్ట నేలకి ఆనాక మీట వదిలి, మూత మీదికి వంగిపోయాడు.

ముక్క తనంతట తనే పైకొచ్చింది, ఇంత రాద్ధాంతానికి కారణం నేనేనా అన్నట్టు చిన్నగా. ప్రాణం కుదుటపడింది. కానీ అప్పటికే ఇద్దరు మనుషులు నారింజరంగు బెల్టు తీసుకుని నిచ్చెనెక్కి వచ్చేశారు.

"నేనే దిగుతాను."

"సార్ ఒప్పుకోడన్నా. చేతులు పైకెత్తు."

సైటు సైటంతా పని ఆపి తలలెత్తి చూస్తుండగా, జీవితమంతా సామాన్లు దించినవాణ్ణి సామానులా దించారు. ఏ బెల్టు మొయ్యదని కడుపు కోయించుకున్నాడో ఆ బెల్టు ఇప్పుడు చక్కగా మోసింది. ఆరోగ్యమే మహాభాగ్యమని గోడమీద రాయించేవాళ్ళు ఈ దృశ్యాన్ని కూడా పక్కన బొమ్మగా వేయిస్తే బాగుంటుంది.

సేఫ్టీ ఆఫీసర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కొన్నాళ్ళు మధ్యాహ్నం నా గదికొచ్చి నా ఎదురుగా తిను. తిన్నది నిలిచి, నువ్వు సరిగ్గా లేచి నడిస్తే పైకి పంపుతా. అందాకా మీ బామ్మర్ది ఎక్కుతాడు."

ఇంట్లో భార్య అడిగింది: "పనిలోనూ ఎవరో చూస్తూ కూర్చుంటారన్నమాట?"

"నీ ఉద్యోగానికి పోటీ వచ్చిందే."

ఆమె నవ్వలేదు. "వాడు నా తమ్ముడు. వద్దని చెప్పనా?"

"చెబితే వేరేవాడెక్కుతాడు. ఊరుకో."

మొదటిరోజు ఆఫీసర్ తన భోజనం చిటికెలో ముగించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిట్ట ముందు నిన్నటిలాంటిదే మాంసం ముక్క. కిటికీలోంచి క్రేన్ కనిపిస్తోంది. పక్కన బల్లమీద వాకీ ఉంది. కొత్తవాడికి సలహా కావాలంటే చెప్పడానికని ఉంచారు. ముక్క నోట్లో పెట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి నమలసాగాడు. ఈసారి కొక్కెం వంక చూడకూడదనుకున్నాడు. చూపు దానిమీదికే పోయింది. వెడల్పాటి రేకుల కట్ట గాలికి నెమ్మదిగా తిరుగుతోంది.

"బావా," అంది వాకీ. "గాలి తోస్తోంది. కట్టని ఇలాగే తిప్పనా? ఆగనా?"

ఆగమని చెప్పాలి. చెప్పాలంటే నోరు ఖాళీ కావాలి. ఇప్పుడు మింగేస్తే ముక్క నిన్నటి చోటే కూర్చుంటుంది, అదీ ఆఫీసర్ కళ్ళెదుటే. ఇక కుర్చీకి నీళ్ళొదులుకోవడమే. మింగకపోతే జవాబు లేదు. ఉమ్మేస్తే తినలేకపోయాడనే లెక్క. పిట్ట అడకత్తెరలో పోకచెక్కలా ఒక చూపు రేకుల మీద, ఒక చూపు ఆఫీసర్ మీద పెట్టి దవడలాడించాడు.

"బావా?"

వాకీ మీట నొక్కాడు. మాట రాలేదు. నమిలే చప్పుడు మాత్రం సైటంతా వినబడింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"తింటున్నావా?" అన్నాడు బామ్మర్ది. వాడి గొంతులో నవ్వు లేదు. "సరే, నమలు. నేను కట్ట నేలమీద పెట్టేస్తున్నా. నిదానంగా మింగి చెప్పు."

రేకులు కుదుపు లేకుండా దిగాయి. పొరపాటు పట్టుకుందామన్నా దొరకలేదు. ఏళ్ళ తరబడి పైన కూర్చుని, నోట్లో ముద్ద ఉందని భారం ఆపొచ్చన్న ఆలోచనే అతనికెప్పుడూ రాలేదు. వాడికి మొదటిరోజే వచ్చింది.

ఆఫీసర్ కిటికీలోంచి కట్టనీ, ఆ తర్వాత కేబిన్‌నీ చూసి, మెచ్చుకోలుగా తలాడించాడు. ఆ తలాడింపు తన గురించి కాదని పిట్టకి తెలుసు.

ముక్క ఎప్పుడో నీళ్ళయిపోయింది. అయినా మింగలేదు. మింగితే మాట్లాడాలి, వాడు చేసిందే సరైనదని.