పాప గదికి గడియ

నేను పాలకొల్లులో మా ఆయన ఇంట్లో రెండో భార్యగా అడుగుపెట్టేనాటికి పాపకి నాలుగేళ్ళు. వాళ్ళమ్మ జబ్బు చేసి అంతకు రెండేళ్ళ ముందే పోయింది. చర్చిలో పెళ్ళయి ఇంటికి రాగానే మా ఆడపడుచు నన్ను పాప గదికి తీసుకెళ్ళింది.

"ఇదంతా వదినే దగ్గరుండి చేయించింది" అని, నాలుక కరుచుకుని, "మొదటి వదిన" అంది.

గది బావుంది. అదే నా బాధ. గోడలకి లేత పసుపు రంగు. పిల్ల గీతలు గీసినా తడిగుడ్డతో తుడిస్తే పోయేలా కింది సగానికి ఆయిల్ పెయింటు. చిన్న టేకు మంచం, బొమ్మలకీ బట్టలకీ పిల్ల చేతికందే ఎత్తులో అరలు. నేను పెద్దాపురంలో ముగ్గురు చెల్లెళ్ళతో ఒకే దుప్పటి కింద పెరిగాను. అలాంటి గది ఎవరైనా చేయమంటే నాకు తోచేది కాదు. ఆవిడకి తోచింది.

చనిపోయిన మనిషి మీద కుళ్ళేంటని నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఆదివారం ఆరాధనలో కళ్ళు మూసుకుని, ఈ బుద్ధి తీసెయ్యి ప్రభువా అని ప్రార్థించేదాన్ని. ఇంటికొచ్చి ఆ గది ఊడుస్తుంటే మళ్ళీ అదే మంట.

పాప రెండో తరగతికి వచ్చేసరికి కాళ్ళు మంచం చివరికి తగలసాగాయి. నాకు లోలోపల ఎంత సంతోషమో! బజారుకెళ్ళి తెల్ల మంచం ఒకటి చూసుకొచ్చి ఆయనకి చెప్పాను.

"కొనక్కర్లేదే" అంటూ ఆయన స్టూలెక్కి, అటక మీంచి గోనెపట్టా చుట్టిన చెక్కముక్క దించారు. మంచం చివర బోల్టులు విప్పి ఆ ముక్క బిగిస్తే మంచం పొడవైంది. "తను అప్పుడే చేయించి ఉంచింది" అన్నారు. ఆ ఇంట్లో 'తను' అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పాప కొత్త మంచం వచ్చినట్టే చప్పట్లు కొట్టింది.

పోనీ కర్టెన్లైనా నావి ఉండాలని రాజమండ్రి నుంచి పిట్టల బొమ్మలున్న నీలం కర్టెన్లు తెచ్చి కట్టాను.

"బావున్నాయి పిన్నీ" అంది పాప. పిట్ట బొమ్మని వేలితో తడుముతూ, "పాతవి ఎక్కడ పెట్టావు?" అంది.

ఆరో తరగతిలో చదువుకోడానికి టేబుల్ కావాలంది. ఈసారి నేనేమీ చూసి రాలేదు. ఆయన అరల్లో మధ్య చెక్కని ముందుకు లాగి, దానికే ఉన్న మడత కాళ్ళు దించారు. అదే టేబుల్. పై అరలు ఇంకా పైకి జరుపుకోవడానికి పక్కచెక్కల్లో రంధ్రాలు కూడా ఉన్నాయి. పిల్ల పెరగడమంతా ఆవిడ ముందే ఊహించేసుకుంది. నాకు ఏమీ మిగల్చలేదు. వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

తొమ్మిదో తరగతిలో ఓ సాయంత్రం పాప నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "పిన్నీ, నా గదికి లోపల గడియ పెట్టిస్తావా? నాన్నని అడిగితే వద్దన్నారు."

వెళ్ళి చూశాను. నిజమే, ఆ తలుపుకి లోపల గడియ లేదు. పసిపిల్ల లోపల వేసేసుకుంటుందన్న భయంతో ఆవిడ పెట్టించలేదు. తర్వాత సంగతి ఆవిడకి తట్టలేదు.

"ఇంట్లో ఉన్నది మనమే కదా, గడియెందుకు?" అన్నారు ఆయన.

"పిల్ల పెద్దదవుతోందండీ. బట్టలు మార్చుకోవాలి, ఫ్రెండ్స్‌తో మాట్లాడుకోవాలి. నేను పెట్టిస్తాను" అన్నాను. అంత గట్టిగా ఆయనతో అంతవరకూ ఎప్పుడూ మాట్లాడలేదు.

మర్నాడే వడ్రంగిని పిలిపించి ఇత్తడి గడియ వేయించాను. ఆ గదిలో పూర్తిగా నాదంటూ మొదటిసారి ఒక వస్తువు. పాప నా మెడ చుట్టూ చేతులేసి, "థాంక్స్ పిన్నీ" అని, లోపలికెళ్ళి ఠక్కున గడియ పెట్టుకుంది.

వరండాలో నిలబడిపోయాను. లోపల ఫోన్లో ఎవరో స్నేహితురాలితో మాట్లాడుతూ పాప పగలబడి నవ్వుతోంది. నా దగ్గర ఎప్పుడూ అలా నవ్వలేదు. ఎవరా పిల్ల, ఏం చెప్పిందని అంత నవ్వు అని తలుపుకి చెవి ఆనించబోయి ఆగాను. నా కుళ్ళు ఇప్పుడు బతికున్న మనిషి మీదకి మళ్ళింది. ఆ పూట మాత్రం వాళ్ళమ్మ మీద జాలేసింది. ఈ నవ్వు వినడానికి ఆవిడ వరండాలోనైనా లేదు.

కాసేపాగి తలుపు తట్టాను.

"ఏంటి పిన్నీ?"

"అట్లు పోస్తున్నాను. వేడిగా ఉన్నప్పుడే రా."

"ఐదు నిమిషాలు!" అంది లోపలి నుంచి. పొయ్యి తగ్గించి కూర్చున్నాను.