ఐదో ముడి దగ్గర దీపం

కథ రాసే ముందు ఎంత తెలుసుకోవాలి అని అడిగిన వాళ్ళకు చాలా ఏళ్ళు నేను ఒకటే జవాబు చెప్పాను: కొలిచి రాయండి. పోయిన మే పద్నాలుగు నుంచి ఆ జవాబు చెప్పడం మానేశాను.

ఆ రోజు కర్నూలులో ఎనిమిదింటి బస్సెక్కి, కోడుమూరు దాటి, నాకు తెలిసిన ఒక రైతు చేనికి వెళ్ళాను. పదకొండేళ్ళ కింద అచ్చయిన నా పుస్తకంలో ఒక బావి కథ ఉంది. దానికోసం అప్పట్లో మూడుసార్లు ఆ చేనికే వచ్చాను. బావి తొమ్మిది మట్లు, అంటే తొమ్మిది నిలువుల లోతు. తాడుకు మట్టుకొక ముడి. అన్నీ లెక్కపెట్టి రాశాను. పుస్తకం ఒకటి ఆ రైతుకు కూడా ఇచ్చాను.

ఇప్పుడు బోరు ఎండిపోయింది. పాడుబడిన ఆ బావిలో పూడిక తీస్తే ఊట తగులుతుందేమోనని ఆ రైతూ అతని తమ్ముడూ పూనుకున్నారు. నేను చూసి రాసుకుందామని వెళ్ళాను. పావురాలు పై రెండు మట్లలోనే గూళ్ళు పెట్టుకున్నాయి. ఆ కింద ఒక్కటీ లేదు. అది నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎందుకని ఎవరినీ అడగలేదు.

తమ్ముడు నడుముకు మోకు కట్టుకుని, బావిలోకి కాళ్ళు వేలాడేసి గట్టు మీద కూర్చున్నాడు. అన్న తన సెల్‌ఫోనులో లైటు వేసి, దాన్ని బొక్కెనలో పెట్టి లోపలికి వదిలాడు. తెల్లటి వెలుగు చిన్నదవుతూ అడుగుదాకా దిగింది.

"లైటు ఎందుకప్పా దింపుతున్నావు?" అని అడిగాను.

"ఆరకుంటే లోపల గాలి బాగుండాదని. మీ కథలోనే ఉండాది గదమ్మా."

ఉంది. నూట పన్నెండో పేజీలో ఉంది. నా కథలో మనిషి బ్యాటరీ లైటు దింపి, అది వెలుగుతూనే ఉందని చూసి, ధైర్యంగా దిగుతాడు. బావిలోకి దీపం దింపుతారని చిన్నప్పుడు ఎక్కడో విన్నాను. జారిపడిన బిందె కోసం బ్యాటరీ లైటు దింపడం కళ్ళారా చూశాను. రెండూ ఒకటే పని అనుకుని కలిపేశాను. చెడుగాలిలో ఆరేది మంట. ఈ లైటు చార్జింగు అయిపోతే తప్ప ఆరదు.

"దిగొద్దు నాయనా. ఇంట్లోంచి నూనెదీపం తెప్పించు," అన్నాను.

"పట్టపగలు బావికి హారతిస్తామా?" అన్నాడు తమ్ముడు. "ఎండెక్కుతాండాదమ్మా. మీరు రాసుకోండి, నేను దిగుతా."

అప్పుడే వాళ్ళమ్మ సంగటి గంప దించింది. విషయం విని చిన్నకొడుకు మోకు చేత్తో పట్టుకుంది.

"మా నాయన దీపం దింపకుండా ఎవుర్నీ దిగనిచ్చేవాడు కాదు. మీ ఫోన్లు పుట్టకముందు మాట. కాళ్ళు పైకి తీసుకోరా."

ఆమే ఇంటికి పోయి దేవుడి దగ్గరి ప్రమిద తెచ్చింది. ఒత్తి వెలిగించి బొక్కెనలో పెట్టారు. నేను ముడులు లెక్కపెట్టాను. నాలుగో ముడి గట్టు దాటేవరకూ మంట నిటారుగా ఉంది. ఐదో ముడికి నీలంగా కుంగి, ఆరిపోయింది.

"గాలికి ఆరిపోయింటాది," అన్నాడు తమ్ముడు.

"ఆ లోతులో గాలి యాడిదిరా?" అంది తల్లి.

మళ్ళీ వెలిగించి దింపారు. ఐదో ముడి. మూడోసారీ ఐదో ముడే. ఇంకెవరూ వెలిగించమనలేదు. తమ్ముడు తన మోకు తనే విప్పుకున్నాడు.

"మీ కథలో వాడు బతికినాడు గదమ్మా," అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

లోతు, ముడులు, మెట్లు, ఏ రాయి ఎక్కడ ఊడిందీ అన్నీ సరిగ్గా రాశాను కాబట్టే అన్న ఆ వాక్యాన్ని కూడా నమ్మాడు. ఇంత నిక్కచ్చిగా కొలవకపోయి ఉంటే ఉత్త కథ అని వదిలేసేవాడేమో. నేను తెలుసుకున్నది తక్కువేం కాదు. ఎందుకు అని ఒక్కసారి అడగలేదు, అంతే.

నా పుస్తకం తెచ్చివ్వమన్నాను, ఆ పేజీ దిద్దుదామని. నందికొట్కూరు దగ్గర ఉన్న బావమరిదికి ఇచ్చానన్నాడు అన్న.

"వాళ్ళకు బావి ఉందా?"

"ఉండాది."

అక్కడే ఫోన్ చేయించాను. రెండోసారికి ఎత్తాడు. ఆయన ఆ బావిలోకి దిగలేదు. పుస్తకం చదివి, కడపలో ఒక పెళ్ళిలో ఎవరికో ఇచ్చాడట. ఎవరికో గుర్తులేదు.

అచ్చు వేసినవి ఐదు వందలు. ఈ తొమ్మిది నెలల్లో ఆచూకీ తెలిసినవి నూట ముప్పై ఒకటి. వాటిలో నూట పన్నెండో పేజీలో నా చేత్తో దిద్దుబాటు చీటీ అంటించాను. మూడు వందల అరవై తొమ్మిది ఎవరి ఇళ్ళలో ఉన్నాయో తెలియదు. అందులో బావి ఉన్న ఇళ్ళు ఎన్నో అసలే తెలియదు.

ఇది ఫిబ్రవరి. వచ్చే నెల నుంచి బోర్లు ఎండడం మొదలవుతుంది.