రన్నర్ల కింది చిల్లు

వెర్లిన్ స్కార్ ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపాడు. ఒక్క అద్దం పగల్లేదు, ఒక్క పిల్లవాడికీ దెబ్బ తగల్లేదు. అలాంటి మనిషి ఈ జనవరిలో, పోయిన స్నేహితుడి బండికి చిల్లు పెట్టి, దాన్ని తన షెడ్డులో బోర్లా వేసుకుని దొంగలా కూర్చున్నాడు.

బండి అంటే చక్రాలది కాదు. మంచు మీద తాడుతో లాక్కుపోయే ప్లాస్టిక్ తొట్టి. గడ్డకట్టిన సరస్సు మీదికి చేరాక దానికున్న గుడారం పైకి లేపి, లోపల కూర్చుని చేపలు పట్టుకోవచ్చు. అది లైల్‌ది. పదకొండేళ్ళు వాడి కూడా అడుగున గీత పడనివ్వలేదు. రోడ్డుకీ సరస్సుకీ మధ్య నలభై అడుగుల మేర కంకర ఉంది. అక్కడికి రాగానే లైల్ రొప్పుతూ బండిని ఎత్తి మోసేవాడు. వెర్లిన్ మంచుకి బెజ్జం వేసే బర్మా భుజాన వేసుకుని ముందే నడుస్తూ, "ప్లాస్టిక్కురా అది, పసిపిల్ల కాదు!" అని వేళాకోళం చేసేవాడు.

పోయిన వసంతంలో లైల్ గుండె ఆగింది. డిసెంబరులో అతని భార్య ఓర్ఫా "వాడుకో" అని బండి ఇస్తే, వెర్లిన్ దాన్ని కంకర మీద బరబరా ఈడ్చాడు. నెల తిరక్కుండానే వెనక మూల బొటనవేలు దూరేంత చిల్లు పడింది.

ఈ ఆదివారం ఆ బండిలో కూర్చుని చేపలు పడతానని ఓర్ఫా ఫోను చేసింది. మొగుడు పోయాక ఆమె సరస్సు మీదికి రావడం అదే మొదలు. వెర్లిన్‌కి నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "అడుగు అరగకుండా రన్నర్లు బిగిస్తున్నా" అన్నాడు.

అన్నాక బిగించక తప్పలేదు. రన్నర్లంటే అడుగున బిగించే పట్టీలు; నల్లటి ప్లాస్టిక్‌వి మూడు తెచ్చాడు. చలికి ప్లాస్టిక్ ముడుచుకుని చిట్లకుండా బోల్టు బెజ్జాలు కాస్త కోలగా కోశాడు. ఒక పట్టీని సరిగ్గా చిల్లు మీదుగా నడిపించాడు. పని ఎంత బాగా కుదిరిందో అతనికి అంత సిగ్గేసింది.

శనివారం ఓర్ఫా పళ్ళెం నిండా నిమ్మకాయ బార్లు, అంటే పుల్లపుల్లటి తీపి ముక్కలు, చేసి తెచ్చింది. ఆ ఊళ్ళో పొగడ్తని రెండుసార్లు తోసెయ్యకపోతే పెంపకం లేనివాడంటారు. ఏ మాటైనా మూడోసారి అంటేనే నిజమని లెక్క.

"ఎంత బాగా చేశావు! లైల్ చూస్తే మురిసిపోయేవాడు."

"బాగు చెయ్యడమా! బండి పాడుచేసిందే నేను."

"చాల్లే, నీ వినయం! ఇంకో ముక్క తీసుకో."

"నిజం ఓర్ఫా. చిల్లు పెట్టాను."

"నువ్వా! బస్సు మీద దుమ్ము పడితేనే ఓర్చుకునేవాడివి కాదు, నువ్వు చిల్లు పెడతావా?"

ఇక్కడ నోరు మూసుకుంటే ఇది వినయంగానే మిగిలిపోతుంది. ఎవరికీ తెలియదు. వెర్లిన్ చేతిలో ముక్క పక్కన పెట్టేశాడు. బండిని తిరగేసి, ఓర్ఫా చెయ్యి పట్టుకుని, ఆమె వేలు లోపలి నుంచి చిల్లులో పెట్టించాడు.

"కంకర మీద ఈడ్చాను. ఒళ్ళు బద్ధకం. ఇది మూడోసారి చెప్పడం."

ఓర్ఫా నవ్వు ఆగిపోయింది. చాలాసేపు వేలు తియ్యలేదు.

"పోనీలే" అంది చివరికి. "ఒక్కడివి ఎలా ఎత్తుతావు? అప్పుడంటే మీరిద్దరూ చెరో కొసా పట్టేవాళ్ళు. గుండె బాగాలేదు, బరువులెత్తకు నాయనా అని నేను లైల్‌తో పోరితే, 'రెండో పక్క వెర్లిన్ పట్టుకుంటాడులే' అనేవాడు."

గుండె సంగతి లైల్ అతనికి ఎన్నడూ చెప్పలేదు. వెనక నుంచి ఆ రొప్పు వినిపిస్తున్నా అడగాలని వెర్లిన్‌కీ తోచలేదు.

"నేను పట్టలేదు, ఓర్ఫా. ఒక్కసారి కూడా."

"చాల్లే, నీ వినయం!" అని ఆమె కళ్ళు తుడుచుకుని, పళ్ళెం అతని ముందుకి జరిపింది.

ఇంకా రెండుసార్లు చెప్పాలి.